విడిపోయిన దంపతులు – విదేశములకు పోవు పిల్లలు

(సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము ముగిసినది. పులిహోర పంపకమునకు ఇంకను అరగంట వ్యవధి యున్నది. ఈ నడిమి కాలములో విడాకుల ప్రస్తావన తేవచ్చునా అని మా యింటిలోనే అభ్యంతరము వచ్చినది. "పండుగపూట ఆ మాటలెందుకండీ?" అని మా ఆవిడ అన్నది. వేపపూవు తినేది కూడా పండుగపూటనే గదా అని చెప్పి బయలుదేరినాము.

మేము వకీళ్ళము కాము. మెట్రిక్‌తో చదువు ముగించి రైల్వేలో గుమాస్తా పని చేసికొనువారము. మా రిజర్వేషను కౌంటరువద్ద పిల్లల టిక్కెట్టు సంగతి చాల సులువు. అయిదు సంవత్సరములు నిండని బిడ్డకు, ప్రత్యేకముగా బెర్తు కోరకున్నచో, టిక్కెట్టే అక్కరలేదు. అయిదు మొదలు పండ్రెండు లోపువారికి బెర్తు వద్దన్నచో సగము ఛార్జీ. కావలెనన్నచో 2016 ఏప్రిల్ నుండి పూర్తి ఛార్జీ. పేరు, వయస్సు చెప్పిన చాలును. "ఈ బిడ్డను ఎవరి అనుమతితో తీసుకొని పోవుచున్నారు? తండ్రికి తెలియునా? తల్లి ఒప్పుకొన్నదా?" అని అడుగుటకు మా ఫారములో గడి లేదు. దేశములోపల ప్రయాణము గనుక సరిపోయినది. సముద్రము దాటు ప్రయాణములో మాత్రము ఆ గడియే అన్నింటికంటె పెద్దది. ఆ సంగతి మేము ఆలస్యముగా తెలిసికొన్నాము. మీరు వేళకు తెలిసికొనవలెనని ఈ నాలుగు మాటలు.

మన తాతలు మద్రాసు సదరన్ మరాఠా రైల్వేలో పని వెదకికొనుచు ఈ కన్నడదేశమునకు వచ్చినారు. మన పిల్లలు విమానమెక్కి అమెరికాకు, ఆస్ట్రేలియాకు, గల్ఫునకు పోవుచున్నారు. ఈ హాలులో కూర్చున్న కుటుంబములలో ఒక కొడుకో, కూతురో, మేనల్లుడో విదేశములో లేని కుటుంబము అరుదు. పెండ్లిండ్లు అక్కడికే చేసి పంపుచున్నాము. వాటిలో కొన్ని నిలువవు. నిలువనప్పుడు నగలు, సామాను, ఇల్లు పంచుకొనవచ్చును. బిడ్డను పంచుకొనుట సాధ్యము కాదు.

మా యింటి సంగతే చెప్పెదము. పేర్లు చెప్పము. సంబంధించినవారు ఇద్దరును ఒప్పుకొన్న మీదటనే చెప్పుచున్నాము.

మా పినతండ్రిగారి కుమార్తె, మాకు చెల్లెలు, పెండ్లియై అమెరికా పోయినది. అక్కడనే బాబు పుట్టినాడు. దంపతులకు పొసగలేదు. ఎవరి తప్పు ఎంత అన్నది మేము తూచదలచుకోలేదు. ఇద్దరిదీ కొంత కొంత ఉన్నది. కొట్టుట, హింసించుట వంటివి మాత్రము లేవు. బాబుకు నాలుగేండ్లప్పుడు, నెల రోజులు ఉండి వచ్చెదనని భర్తకు చెప్పి, రానుపోను టిక్కెట్లతో, పిల్లవానిని తీసుకొని వచ్చినది. వచ్చిన వారమునకు తిరిగి పోననినది.

ఆ రాత్రి పెద్దలందరు మా యింటిలో కూర్చున్నారు. "బిడ్డ మన చేతిలో ఉన్నాడు, ఎవడేం చేస్తాడు?" అన్నారు ఒకరు. "అక్కడి కోర్టు ఇక్కడికి వస్తుందా?" అన్నారు మరియొకరు. టిక్కెట్ల వ్యవహారము మాకు తెలియునని, తిరుగు టిక్కెట్లు రద్దు చేయించు పని మాకు అప్పగించినారు. ఏజెంటుకు ఫోను చేసి రద్దు చేయించినది మేమే. కొంత సొమ్ము తిరిగి వచ్చినది. ఆ సొమ్ము కట్టి బాబును ఇక్కడి బడిలో చేర్పించినాము. మంచి పని చేసితిమనియే అనుకొన్నాము. అటు పక్క ఒక తండ్రి విమానాశ్రయమునకు పోవలసిన తేదీని క్యాలెండరులో గుర్తు పెట్టుకొని యున్నాడని మాలో ఒక్కరికిని తోచలేదు.

ఇక చట్టము మాట. తరువాత మూడు సంవత్సరములు వకీళ్ళ వరండాలలో కూర్చుండి మేము నేర్చుకొన్నది ఇది.

1980 అక్టోబరు 25న హేగ్ నగరములో ఒక అంతర్జాతీయ ఒడంబడిక కుదిరినది. 1983 డిసెంబరు నుండి అమలులోనికి వచ్చినది. పదునారు సంవత్సరములు నిండని బిడ్డను తల్లిగాని తండ్రిగాని రెండవవారి హక్కును కాదని ఒక దేశమునుండి మరియొక దేశమునకు తరలించినచో, ఆ బిడ్డను అంతకుముందు అలవాటుగా నివసించిన దేశమునకు త్వరగా తిరిగి పంపవలెనని దాని సారాంశము. బిడ్డ ఎవరికి చెందవలెనో ఆ ఒడంబడిక చెప్పదు. ఆ మాట ఏ దేశపు కోర్టు తేల్చవలెనో మాత్రము చెప్పును. సాధ్యమైనంతవరకు ఆరు వారములలో తేల్చవలెనన్నారు. తరలించిన సంవత్సరము లోపల అర్జీ పడినచో తిరిగి పంపుటయే నియమము. తిరిగి పంపినచో బిడ్డకు తీవ్రమైన ప్రమాదము కలుగునని రుజువైతే పంపకుండుటకు కూడ వీలున్నది. అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, సింగపూర్ మొదలుగా నూరింటికి పైగా దేశములు ఇందులో ఉన్నవి. జపాను 2014లో చేరినది. మన భారతదేశము చేరలేదు. గల్ఫు దేశములలో పెక్కు చేరలేదు.

చేరవలెనని మన లా కమిషన్ 2009లో తన 218వ నివేదికలో సిఫారసు చేసినది. 2016లో 263వ నివేదికతో ముసాయిదా బిల్లు కూడ ఇచ్చినది. జస్టిస్ రాజేశ్ బిందల్ గారి సంఘము 2018లో నివేదిక సమర్పించినది. అయినను చేరకపోవుటకు చెప్పు ముఖ్య కారణము త్రోసివేయదగినది కాదు. పరదేశములో భర్త చేతి దెబ్బలు తిని, అయినవారెవరును లేక, బిడ్డను చంకనెత్తుకొని పుట్టింటికి పారిపోయి వచ్చు ఆడపిల్లలున్నారు. వారిని తిరిగి ఆ యింటి వాకిటికే నెట్టినట్లగునని భయము.

చేరలేదు గనుక ఎవరికిని ఏమియు కాదని మా పెద్దలవలె అనుకొనుట పొరపాటు. అమెరికాలో 1993 నాటి చట్టము ప్రకారము, రెండవ తల్లిదండ్రి హక్కునకు అడ్డుపడు ఉద్దేశముతో బిడ్డను దేశము దాటించుట గాని, బయట నిలిపివేయుట గాని నేరము. మూడు సంవత్సరములవరకు శిక్ష పడవచ్చును. గృహహింసనుండి పారిపోయినట్లు రుజువు చేసికొన్నవారికి ఆ చట్టములోనే రక్షణ యున్నది. ఏ రుజువులును చేతిలో ఉంచుకొనక వచ్చిన తల్లి మరల ఆ దేశములో కాలు పెట్టుటకే భయపడవలసి వచ్చును.

ఇక మన కోర్టులు. మనకున్న గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము 1890 నాటిది. కోర్టు నియమించిన సంరక్షకుడు కోర్టు సెలవు లేనిదే బిడ్డను ఆ కోర్టు అధికారపు ఎల్లలు దాటించరాదని దాని 26వ సెక్షను. విమానము పుట్టకముందే వ్రాసిన మాట, నేటికిని పనికివచ్చుచున్నది. 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము అయిదేండ్లు నిండని బిడ్డ సాధారణముగా తల్లివద్ద ఉండవలెననినది. అన్నిటికంటె బిడ్డ క్షేమమే ముఖ్యమని 13వ సెక్షనులో చెప్పినది. తండ్రి బ్రతికియుండగా తల్లి సహజ సంరక్షకురాలు కాజాలదను వాదమును సుప్రీం కోర్టు 1999లో త్రోసివేసినది.

విదేశపు కోర్టు ఉత్తర్వు చేత పట్టుకొని వచ్చిన కేసులలో సుప్రీం కోర్టువారి తీర్పులు ఒకే దారిని పోలేదు. 1984లో ఇంగ్లండునుండి తండ్రి తరలించుకొని వచ్చిన బాలుని తల్లికి అప్పగించినారు. 1986లో అమెరికానుండి తండ్రి పూనాకు తెచ్చిన బాలుని తల్లితో తిరిగి పంపినారు. చూచినారా, బిడ్డలను ఎత్తుకొని వచ్చువారు తల్లులే అనుట సరి కాదు. 2017 జూలైలో మాత్రము, విదేశపు ఉత్తర్వు ఉన్నంత మాత్రమున బిడ్డను పంపనక్కరలేదు, అది పరిశీలించవలసిన అంశములలో ఒకటి మాత్రమే, బిడ్డ క్షేమమును ఇక్కడి కోర్టే చూడవలెనని చెప్పి, బ్రిటన్ నుండి తల్లి తెచ్చిన బాలికను ఇక్కడనే ఉండనిచ్చినారు. 2019 మార్చిలో అమెరికాలో స్థిరపడిన మన తెలుగు దంపతుల కేసు వచ్చినది. తల్లి బిడ్డలతో హైదరాబాదు వచ్చి ఇక్కడ దావా వేసినది. బిడ్డలు అక్కడ పుట్టి పెరిగినవారు గనుక తిరిగి అమెరికాకే పంపవలెనని తీర్పు. 2022లో మన బెంగుళూరునుండి పోయిన కేసులో, బిడ్డ కోరిక వేరు, బిడ్డకు మేలైనది వేరు అని విడదీసి చెప్పి బాలుని అమెరికాకు పంపినారు.

దీనినిబట్టి సామాన్యులము మేము గ్రహించినది ఇంతే: ఫలానా విధముగా తీర్పు వచ్చునని ముందుగా ఎవరును పూచీ పడలేరు. పూచీ పడు పెద్దమనిషి మాట నమ్మరాదు.

విడాకుల కాగితము సంగతియు ఇంతే. 1975లో తిరుపతిలో పెండ్లియైన దంపతుల కేసులో, భర్త అమెరికా కోర్టులో తెచ్చుకొన్న విడాకులు ఇక్కడ చెల్లవని 1991లో సుప్రీం కోర్టు తేల్చినది. మన వివాహ చట్టము ఒప్పుకొను కారణము మీద, ఇద్దరును మనస్ఫూర్తిగా పాల్గొన్న కోర్టులో వచ్చిన తీర్పునకే ఇక్కడ బలము. కాబట్టి అక్కడ విడాకులైనవని ఇక్కడ నిశ్చింతగా ఉండరాదు.

మా కథకు వచ్చెదము. తండ్రి అక్కడి కోర్టులో ఉత్తర్వు పొంది, ఇక్కడి హైకోర్టులో హేబియస్ కార్పస్ అర్జీ వేసినాడు. మేము ఇక్కడ కుటుంబ న్యాయస్థానములో దావా వేయించినాము. వాయిదాలు నడిచినవి. ఇంతలో బాబు అమెరికా పాస్‌పోర్టు గడువు తీరినది. ఆ దేశములో పదునారు లోపు పిల్లలకు పాస్‌పోర్టు అయిదు సంవత్సరములే. క్రొత్తది కావలెనన్న సాధారణముగా తల్లిదండ్రు లిద్దరి సమ్మతియు ఉండవలెను. ఎవరినుండి దాచినామో వారి సంతకమే కావలసి వచ్చినది. మొదట్లో ఫోనులో తండ్రితో మాట్లాడు పిల్లవాడు, మేము రానురాను ఫోను ఇచ్చుట తగ్గించుటచేత, మాట్లాడుట మానివేసినాడు.

మూడవ సంవత్సరము ఆయన స్వయముగా వచ్చినాడు. కోర్టు ఆవరణలో చెట్టుక్రింద, చేతిలో ఒక బొమ్మ రైలు పట్టుకొని నిలుచున్నాడు. బాబు మా వెనుక దాగి, "మామయ్యా, ఆ అంకుల్ ఎవరు?" అని అడిగినాడు. మేము సమాధానము చెప్పలేకపోయినాము. ఆయనకు వినబడినది. బొమ్మను అక్కడి బల్లమీద పెట్టి, అటు తిరిగి నిలువబడినాడు. తిరుగు టిక్కెట్టు రద్దు చేయించినప్పుడు మేము రద్దు చేసినది ఏమిటో అప్పుడు తెలిసినది.

ఆ సాయంకాలమే మేము మా చెల్లెలితో మాట్లాడినాము. హైకోర్టువారు మధ్యవర్తిత్వమునకు పంపగా నాలుగు నెలలలో రాజీ కుదిరినది. బాబు తల్లివద్ద ఇక్కడనే చదువుకొనవలెను. వేసవిలో ఆరు వారములు తండ్రివద్ద. ప్రతిదినము ఫోనులో మాట. ఈ షరతులే ఇక్కడి కోర్టులోను, అక్కడి కోర్టులోను ఒకే మాటలతో ఉత్తర్వుగా వ్రాయించినారు. దీనిని వకీళ్ళు మిర్రర్ ఆర్డర్, అనగా అద్దపు ఉత్తర్వు అందురు. ఏ దేశములో మాట తప్పినను ఆ దేశపు కోర్టే పట్టుకొనును.

నిరుడు వేసవిలో బాబు మొదటిసారి తండ్రితో ప్రయాణమైనాడు. బెంగుళూరు విమానాశ్రయములో ద్వారమువరకు మేము పోయినాము. కాగితముల కట్ట మేమే వరుసగా పేర్చి ఇచ్చినాము. లోపల అధికారి "తల్లి ఎక్కడ?" అని అడుగగా, ఆమె సమ్మతి పత్రము, ఉత్తర్వు చూపితిననియు, అయిదు నిమిషములలో ముద్ర వేసినారనియు ఆయన పిమ్మట ఫోనులో చెప్పినాడు.

తిరిగి వచ్చు దినమున విమానము రెండు గంటలు ఆలస్యము. మా చెల్లెలు కూర్చోలేదు, నీళ్ళు త్రాగలేదు. కాగితములన్నియు సక్రమముగా ఉన్నవని ఎంత చెప్పినను వినలేదు. బాబు తోపుడుబండి మీద కూర్చుండి బయటికి వచ్చినప్పుడు వానిని పట్టుకొని, "అన్నయ్యా, ఆయన్ని మనం మూడేళ్ళు ఇట్లా నిలబెట్టాం" అన్నది. ఇంతకు మించి ఈ విషయములో మేము చెప్పగలది లేదు. అయినను నలుగురికి ఉపయోగపడునని కొన్ని మాటలు క్లుప్తముగా మనవి చేసెదము.

మొదటిది. టిక్కెట్టు కొనుటకు ముందే రెండవవారి సమ్మతి కాగితముమీద తీసికొనవలెను. పోవు తేదీ, వచ్చు తేదీ, విమానము, బసచేయు చిరునామా, ఫోను నంబరు అందులో ఉండవలెను. నోటరీ చేయించుట మేలు. కెనడా వంటి దేశములు ఇట్టి పత్రమును వెంట ఉంచుకొనుమని గట్టిగా చెప్పుచున్నవి.

రెండవది. కోర్టులో దావా నడుచుచున్నచో, లేదా కోర్టు ఉత్తర్వు ఉన్నచో, కోర్టు అనుమతి తీసికొనకుండ బయలుదేరరాదు. తిరిగి వచ్చుటకు హామీగా కోర్టువారు సొమ్ము కట్టుమనవచ్చును, ప్రయాణ వివరములు అడుగవచ్చును. దానిని అవమానముగా తలచవద్దు.

మూడవది, పాస్‌పోర్టు. మన దేశములో మైనరు పాస్‌పోర్టునకు తల్లిదండ్రు లిద్దరు సమ్మతి తెలుపు ప్రకటనకు ఒక ఫారము, ఒక్కరి సమ్మతియే ఉన్నప్పుడు కారణము చెప్పుటకు మరియొక ఫారము కలవు. 2016 డిసెంబరులో చేసిన మార్పులతో దరఖాస్తులో తల్లి పేరుగాని తండ్రి పేరుగాని ఒక్కటి ఇచ్చినను చాలును. ఉన్న ఉత్తర్వును దాచిపెట్టి అబద్ధపు ప్రకటన ఇచ్చుట మాత్రము ముప్పు తెచ్చును. గడువు ఎప్పుడు తీరునో ఆరు నెలల ముందే చూచుకొనవలెను.

నాల్గవది. జనన పత్రము, విడాకుల డిక్రీ, సంరక్షణ ఉత్తర్వుల ధ్రువీకృత నకళ్ళు, సమ్మతి పత్రము ఒక్క కట్టగా చేతిసంచిలోనే ఉండవలెను. లోపలికి పంపు పెట్టెలో పెట్టరాదు.

అయిదవది. ఎవరివద్ద ఉన్నను బిడ్డకు రెండవవారి గొంతు ప్రతిదినము వినిపించవలెను. సంరక్షణ దక్కని తల్లి గాని తండ్రి గాని రోజూ అయిదు పది నిమిషములైన బిడ్డతో మాట్లాడగలుగుట మంచిదని 2020 జనవరిలో సుప్రీం కోర్టువారే అన్నారు. ఫోను ఖర్చులేని ఈ కాలములో ఇది మన చేతిలోని పని.

దెబ్బలు తిని వచ్చు ఆడపిల్ల విషయము వేరు. ఆమెకు ముందు నీడ ఇవ్వవలెను. పిమ్మట దాచి కూర్చుండక, అక్కడి పోలీసు కాగితములు, వైద్యుని కాగితములు తెప్పించి, వెంటనే వకీలుతో కోర్టునకు పోవలెను. నిజము ఆమె పక్షమున ఉన్నప్పుడు ఆలస్యమెందుకు?

కడపటి మాట పెద్దలకు. ఇట్టి సంకటమున మొదట సలహా అడిగేది మనలనే, వకీలును కాదు. "బిడ్డ మన చేతిలో ఉన్నాడు" అను మాట దయచేసి ఎవరును అనవద్దు. బిడ్డ చేతిలోని వస్తువు కాదు. దంపతులు విడిపోవచ్చును; వారిలో ఎవరును బిడ్డకు పరాయివారు కాకూడదు.

మా సంఘములో చట్టము తెలిసిన సభ్యులు ఇద్దరు ముగ్గురున్నారు. ఇట్టి కుటుంబములకు నెలకొక ఆదివారము వారు సలహా చెప్పునట్లు ఏర్పాటు చేయుడని కార్యవర్గమువారిని ప్రార్థించుచున్నాము. కాగితములు పేర్చు పనికి మేము వచ్చెదము. ఆ పని మాకు వచ్చును.

ఈ వేసవికి బాబు రానుపోను టిక్కెట్లు మొన్ననే తీసినాము. తిరుగు టిక్కెట్టు నకలు ఒకటి తల్లివద్ద, ఒకటి తండ్రివద్ద, ఒకటి బాబు బడిసంచిలో ఉన్నది. తన నకలు తనకు కావలెనని వాడే అడిగి తీసికొన్నాడు.